తాత తొవ్వ బైరిగాడికెరుక

జర ఇటు జరుగుండ్రి బిడ్డా, పొగంత మీ మొకాలకే కొడ్తున్నది. చిన్నోడా, ఆ తుమ్మ మొద్దును మంట నడిమిట్లకు నూకు. తుమ్మకట్టె నిదానంగ కాలుతది, ముచ్చటయ్యేదాక ఉంటది.

పొద్దుగాల అడిగినవు గదా, దేవునర్ర గోడకున్న ఫొటోల ముసలాయన ఎవరు, ఆయన కాళ్ళకాడ కుక్కెందుకున్నది అని. ఆయన మా తాత, మీ నాయినకు ముత్తాత. ఆ కుక్క బైరిగాడు. కొమురెల్లి మల్లన్న జాతరల తీసిన ఫొటో అది. అప్పుడు జాతరకు ఫొటోలు తీసేటోళ్ళు వచ్చి డేరా ఏస్తుండిరి. ఎనుక పూలతోట బొమ్మేసిన పర్ద కడుతుండిరి. ఆ ఫొటోలాయన కుక్కను పక్కకు కొట్టుమన్నడు. తాత కుర్సీల కెళ్ళి లేశి నిలవడ్డడు. "వాడు లేకుంటే నాకు ఫొటోనే వద్దు" అన్నడు. తాతకున్న ఫొటో అదొక్కటే, బైరిగానికీ అదొక్కటే. వాళ్ళిద్దరిని ఎప్పుడు ఎడబాపి సూడలేదు మేము. అందుకే ఒక్కదండ ఇద్దరికి ఏస్తం.

మనం కుర్మోళ్ళం. ఇప్పుడంటే మీ నాయిన హైదరాబాద్ల నౌకరి చేస్తుండు, మీరు బస్సెక్కి బడికి పోతున్నరు. మా తాత నాటికి ఇంటిల్లిపాది బతుకంత జీవాల మీదనే. గొర్రెలు అనకపోతుంటిమి, జీవాలనే అంటుంటిమి. అన్ని నల్లయే, దక్కని జాతి, ఒళ్ళంత బొచ్చు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిచ్చేది. ఆ బొచ్చును అవ్వ, అమ్మ కూసోని ఏకి, రాట్నం మీద ఒడుకుతుండిరి. చింతగింజల గంజి పట్టిచ్చి, గుంటమగ్గం మీద గొంగడి నేసేది. వానకు అదే గొడుగు, చలికి అదే దుప్పటి. మల్లన్నకు పట్నమేస్తే దేవుని ముంగట పరిచేది కూడా గొంగడే. నెల్లూరు జాతి గొర్రెలొచ్చినంక ఆ ముచ్చట పోయింది. వాటికి మాంసమెక్కువ, బొచ్చుండది. అందరు అవే పట్టిండ్రు, మగ్గాలు మూలకు పడ్డయి. 2017ల సర్కారు సబ్సిడీ మీద ఇరువై గొర్రెలు, ఒక పొట్టేలు లెక్కన పంచినప్పుడు గూడ మన ఊరికొచ్చినయి బొచ్చు లేనియ్యే. నాకు ఆ సంగతి తలుసుకుంటే ఇప్పటికీ పానం ఉసూరుమంటది. గొంగడి నేసే చెయ్యి పోతే మళ్ళ రాదు.

తాత గొంగడి కప్పుకునే తీరు సూడాలె మీరు. ఒక కొనను మడిచి నెత్తిమీద కొప్పెర పెట్టేది. రెండో కొనను భుజం మీదికెళ్ళి ఇసిరితే అది పోయి చంకల పడేది. చెయ్యితోటి సదురుకునే పనే లేకుండె. కుడిచేతిల దోటి, నడుముకు సద్దిమూట, భుజానికి సొరకాయ బుర్రల నీళ్ళు. బక్కపల్చటి మనిషి, తాటికమ్మ లెక్క నిటారుగ నడిచేది. మాట తక్కువ. జీవాలతోటి మాట్లాడేదే మనుషులతోటి కన్న ఎక్కువ.

బైరిగాడు ఎట్లొచ్చిండో చెప్తా. 72 కరువు పెద్ద కరువు. చెరువులు నెర్రెలు వాసినయి. తాగుటానికి నీళ్ళు లేవు, జీవాలకు మేత యాడికెళ్ళొస్తది? తాత, నాయిన మందను తోలుకొని మంథని దాటి మహదేవ్‌పూర్ అడవుల దిక్కు, గోదారి ఒడ్డుకు వలస పోయిండ్రు. నేను అప్పుడు చిన్నపోరన్ని, వాళ్ళు పోంగ అమ్మ కొంగు పట్టుకొని ఏడ్సుడు మతికున్నది. మళ్ళ 73ల తొలకరి పడ్డంకనే ఇంటికొచ్చిండ్రు. పోయిన మందల సగం కూడ తిరిగి రాలె. తాత మొకం కమిలిపోయి ఉండె. వాకిట్ల నిలవడి గొంగడి మడత ఇప్పితే, అండ్ల కెళ్ళి గొర్రెపిల్ల కాదు, కుక్కపిల్ల బయటికొచ్చింది. గోధుమరంగు, నెత్తిమీద నల్ల మచ్చ.

అడవిల వేరే మందోళ్ళ కుక్కను చిరుత పట్టుకపోయిందట. దాని పిల్లల్ల ఇదొక్కటే మిగిలింది. అదే రాత్రి మన మందల ఒక తల్లిగొర్రెకు పిల్ల సచ్చిపోయింది. పొదుగు గట్టిపడి అది అరుస్తున్నది. తాత దాని పాలు ముంతల పిండి, గుడ్డపేలికె ముంచి ఈ కుక్కపిల్ల నోట్ల పెట్టిండు. తల్లి లేని పిల్లను, పిల్ల లేని తల్లిని ఒక్క గొంగడి కింద పండవెట్టిండు. అట్ల వాడు గొర్రెపాలు తాగి, గొర్రెపిల్లల నడుమనే పెరిగిండు. కాలభైరవుని వాహనం కుక్క గదా, అందుకని అవ్వ బైరిగాడని పేరు పెట్టింది.

కొందరు కుక్కను కొట్టి నేర్పుతరు. తాత ఎన్నడు వాని మీద చెయ్యెత్తలె. ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యి అని చెప్పుడు గూడ లేదు. తాత నడిస్తే వాడు నడిచిండు, తాత ఆగితే వాడు ఆగిండు, అంతే. గట్లనే అన్ని పట్టుకున్నడు. మందల ఏది ఎనుకబడుతదో, ఏది చేన్ల పడుతదో వానికి తెలుసు. అప్పట్ల మా దిక్కు తోడేళ్ళు మస్తుగుండె. ఒకనాటి రాత్రి రెండు తోడేళ్ళు దొడ్డి మీద పడ్డయి. పొద్దుగాల సూస్తే జీవాలన్ని భద్రంగున్నయి గని బైరిగాని ఎడమ చెవు సగం లేదు. తాత పసుపు, సున్నం నూరి పెట్టుకుంట "శెవుదేముంది కొడుకా, నీకు ఇనొచ్చేది ముక్కుతోటి గదా" అన్నడు.

తాత తొవ్వల మూడు జాగలుండె. ఈ మూడు చెప్తా, మంచిగ ఇనుండ్రి, ముచ్చటంత వీటి మీదనే ఉన్నది.

ఒకటి, ఊరవతల మర్రి. అక్కడ బుర్ర ఇప్పి, తను తాగకముందు బైరిగానికి దోసిట్ల పోసేది.

రెండోది బైరాన్‌పల్లి బురుజు. మందను అటుదిక్కు తోలినప్పుడల్ల బురుజు కనవడంగనే తాత నిలవడేది. 1948 ఆగస్టు 27 నాడు ఆ ఊరి మీద రజాకార్లు, నిజాం ఫౌజు పడ్డరు. ఊరోళ్ళు బురుజెక్కి కొట్లాడిండ్రు. ఆ ఒక్కనాడు వందమంది దాక పానాలు పోయినయి. ఇంక మూడు వారాలు గడిస్తే ఇండియా ఫౌజొచ్చి నిజాం లొంగిపోయిండు. ఆ మూడు వారాలు ఆగని పానాలవి. సచ్చినోళ్ళల్ల తాతకు చిన్నప్పటి దోస్తు ఒకాయన ఉన్నడని అవ్వ చెప్పింది. తాత నోటితోటి మేమెన్నడు ఇనలె. బురుజు ముంగట నెత్తిమీది కొప్పెర తీసేది, చుట్ట రాయికి రాకి ఆర్పేది, ఉత్తగ నిలవడేది. మంద దానంతట అది మేస్తుండేది. బైరిగాడు ఆయన మడమల కాడ కూసునేది. కొంతసేపటికి తాత కొప్పెర పెట్టుకుంటే వాడు లేశేది.

మూడోది దొడ్డి. రైతులు తమ చేన్లల్ల మంద పెట్టుమని అడిగేటోళ్ళు. రాత్రంత జీవాలు పండుకుంటే ఆ ఎరువుతోటి చేను పండుతది, బదులు వాళ్ళు మానెడో కుంచెడో గింజలు కొలిచేటోళ్ళు. పొద్దుమీకంగనే తడకలు పాతి జీవాలను లోపటికి తోలినంక, తాత ఒక చుట్టు తిరిగేది. తలుపుకాడ మొదలుపెట్టి కుడిదిక్కుకెళ్ళి, ఒక్కొక్క తడక మీద చెయ్యేసి ఊపి సూసేది. ఎనుక బైరిగాడు. తడకకు తడకకు నడుమ సందుల ముక్కు పెట్టి వాసన సూసేది. చుట్టు పూర్తయ్యి మళ్ళ తలుపుకాడికి వస్తేనే సద్దిమూట ఇప్పేది. ఎంత ఆకలున్నా ముందు చుట్టు, తర్వాతనే బువ్వ.

ఇగ స్కైలాబ్ ముచ్చట.

అది 79, ఆషాఢం. అమెరికావోళ్ళు ఆకాశంలకు పంపిన స్కైలాబ్ కిందికి పడ్తున్నదని, యాడ పడ్తదో ఎవ్వలు చెప్పలేరని రేడియోల వచ్చింది. ఇగ సూడు, మా దిక్కు ఊర్లకూర్లు ఆగమైనయి. మన మీదనే పడ్తదన్నరు, దునియ ముగిసిపోతదన్నరు. ఎట్లైన సచ్చేదే గదా అని ఇండ్లల్ల ఉన్న కోళ్ళను, మేకలను కోసుకొని తిన్నరు. కల్లు కాడ జనం ఇసుకేస్తే రాలకుంట ఉన్నరు. చేన్లల్ల నాటు పని అట్లనే ఇడిచిపెట్టిండ్రు. కొందరు తాత కాడికొచ్చి యాటను అమ్ముమన్నరు, అడిగినంత ఇస్తమన్నరు. తాత ఇయ్యలె.

"సచ్చేముందర తింటనంటున్నవు. రేపు నువ్వుండవు, నేనుండ, నీ పైసలు నేనేం చేస్కుంట? రేపు మనముంటే, ఈ పైసలిచ్చినందుకు నువ్వు ఏడుస్తవు. నాకద్దు" అన్నడు.

1979 జులై 11 రాత్రి. అమ్మ ఏడ్చుకుంట తాతను బతిలాడింది. "మామా, ఈ ఒక్కరాత్రి ఇంట్ల పండుండ్రి, ఏమైనా అందరం ఒక్కకాడ ఉందం" అని. తాత గొంగడి భుజానేసుకొని, "మంద ఒక్కతే ఉన్నది బిడ్డా" అని ఎళ్ళిపోయిండు. బైరిగాడు ముంగట. నేను అమ్మ చెయ్యి ఇడిపిచ్చుకొని ఉరికిన. నాకు పదమూడేండ్లు.

తాత చుట్టు తిరిగిండు, ఎప్పటి లెక్కనే. ఒక్క తడక ఇడువలె. నాకైతే కాళ్ళు వణుకుతున్నయి, పైకే సూస్తున్న. తుంపర మొదలైంది. మబ్బెనుక చందమామ ఉన్నడు, ఆకాశమంత పలుచగ తెల్లగున్నది. దొడ్డి నడిమిట్ల, జీవాల నడుమ పండుకున్నం. ఒక్కటే గొంగడి. ఒకదిక్కు తాత, ఒకదిక్కు నేను, నడుమల బైరిగాడు. తడిసిన బొచ్చు వాసన, కుక్క వాసన, తాత చుట్ట వాసన కలిసి ఉండె. ఇంతింత వయసొచ్చింది, ఇప్పటికీ వానల యాడన్న గొర్రెల మంద ఎదురైతే ఆ రాత్రే యాదికొస్తది.

"తాతా, నీకు భయమైతలేదా" అని అడిగిన.

"అయితున్నది కొడుకా. అందుకే వచ్చిన. భయమైనప్పుడు మంద నడిమిట్ల పండాలె" అన్నడు.

నా చెయ్యి తీసి బైరిగాని పొట్ట మీద పెట్టిచ్చిండు. వాని పొట్ట మెల్లగ లేస్తున్నది, దిగుతున్నది. వాడు నిద్ర పోతున్నడు. "వీడు పండుకున్నడంటే ఏం లేనట్టు" అన్నడు తాత. నేను గూడ ఎప్పుడు నిద్రపోయిన్నో తెల్వదు. తెల్లారుజామున లేపి, మబ్బు సందుల పిల్లలకోడి చుక్కలు సూపిచ్చిండు. "అగో, అవి యాడియి ఆడనే ఉన్నయి" అన్నడు. నిజానికి మేము పండుకున్నంక జరసేపటికే, రాత్రి పదింటికి, అది ఆస్ట్రేలియా దిక్కు పడిపోయిందట. తెల్లారినంక రేడియోల చెప్తే ఊరికి తెలిసింది.

కోళ్ళు, మేకలు కోసుకున్నోళ్ళ ఇండ్లల్ల మళ్ళ ఏం మిగులలె. తాత నాలుగిండ్లోళ్ళకు ఆడ గొర్రెపిల్లలను పాలుకిచ్చిండు. ఆళ్ళు సాదుకోవాలె, ఈనినంక పిల్లల్ల మనకు పాలియ్యాలె. ఒక్కనికి ఒక్కమాట అనలె, ఎందుకు తింటివిరా అని. నాకు తాత గురించి అన్నిటికన్న ఇష్టమైన ముచ్చట ఇదే.

ఆ ఏడాదే దీపావళి పోయినంక తాతకు దగ్గు పట్టింది, జరం పట్టింది. జనగామ దవఖానకు బండి మీద తోల్కపోయినం, సూదులిచ్చిండ్రు, మందులిచ్చిండ్రు, ఇంటికి తెచ్చుకున్నం. వసారల నులకమంచం ఏసినం. బైరిగాడు పగలంత మంచం కింద పండుకునేది, పొద్దుమీకంగనే లేశి మంద కాడికి పోయేది. తెల్లారి మళ్ళొచ్చేది. తాత మంచం మీదికెళ్ళి చెయ్యి కిందికి ఏలాడేసి "చుట్టు తిరిగినవా" అని అడిగేది. వాని తోక మంచంకోడుకు తాకి టపటప చప్పుడైతుండె. తాత అది ఇని "మంచిది" అనుకుంట కండ్లు మూసుకునేది.

ఒకనాటి కోడికూతకు పానం పోయింది. నాయిన మంద కాడున్నడు, పిలిపిచ్చిండ్రు. ఆయన ఎనుక బైరిగాడు వచ్చిండు. అప్పటికే తాతను కిందికి దించి, మంచం తీసి గోడకు నిలవెట్టిండ్రు. వాడొచ్చి తాత పాదాలు వాసన సూసిండు. ఒక్కసారే. పోయి మంచం ఎప్పుడూ ఉండే జాగల పండుకున్నడు. మంచం లేదు, నీడ లేదు. పొద్దెక్కి ఎండ వాని మీద పడ్డది. ఆడోళ్ళు ఏడుస్తున్నరు, డప్పులొచ్చినయి, వాకిలంత జనం. మంచం లేని మంచం కింద వాడు అట్లనే పండుకొని ఉన్నడు. ఎవలు లేపలె.

మన ఇండ్లల్ల బొంద పెడుతరు. అందరం తలా పిడికెడు మన్నేసినం. వాడు దూరంగ యాపచెట్టు కింద నిలవడి సూసిండు. మనుషులు చెప్పుకుంటరు గదా, కుక్క బొంద మీద పండుకొని తిండి మానేసింది అని. మా బైరిగాడు గట్ల చేయలె. పొద్దుమీకంగనే లేశి మందకు పోయిండు. ఆనాడు మంద కాడున్న మా చిన్నాయిన చెప్పిండు, వాడొక్కడే దొడ్డి చుట్టు తిరిగిండట. తలుపుకాడ మొదలుపెట్టి, కుడిదిక్కుకెళ్ళి, సందు సందుకు ముక్కు పెట్టుకుంట.

మూడోనాడు పిట్టకు పెడితే కాకులు పిలువకముందే వాలినయి. అవ్వ "జీవాల కాడికి పోవాలె గదా ఆయనకు, జల్ది తిన్నడు" అని కండ్లు తుడుసుకున్నది. సచ్చినోళ్ళ బట్టలు చాకలికిస్తరు. తాత దోతులు, అంగి ఇచ్చిండ్రు గని అవ్వ గొంగడి మీద మాత్రం ఎవల చెయ్యి పడనియ్యలె. తీస్కపోయి దొడ్డి తలుపుకాడ పరిచి వచ్చింది. ఆ నాటినుంచి బైరిగాని పడక అదే.

మందకు ఇగ నాయిన పెద్ద. నాయిన నడక ఏగిరం, మనిషికి తొందర. బైరాన్‌పల్లి దిక్కు తోలినప్పుడు బురుజు కనవడంగనే బైరిగాడు ఆగి కూసున్నడు. వాడు కదలకుంటే జీవాలు కదలయి. నాయిన అదిలిచ్చిండు, దోటి చూపిచ్చిండు. వాడు సూస్తనే లేడు, బురుజు దిక్కే మొకం పెట్టి కూసున్నడు. తాత ఎంతసేపు నిలవడేదో సరిగ్గ అంతసేపు. తర్వాత వానంతట వాడే లేశి నడిచిండు. మర్రి కాడ గూడ అంతే. నాయిన తన దోసిట్ల నీళ్ళు పొయ్యందాక మందను ముంగటికి పోనియ్యకపోయేది. కొన్నొద్దులకు నాయిన కొట్లాడుడు ఇడిచిపెట్టిండు. మర్రి కాడ దోసిలి పట్టుడు, బురుజు కాడ దోటి కిందికి ఆనిచ్చి ఆగుడు అలవాటైంది. కొప్పెర మాత్రం తీయకపోయేది. బైరిగాని కోసం ఆగుతున్న అనుకునేటోడు గావచ్చు.

1980 ఫిబ్రవరి 16 నాడు పెద్ద సూర్యగ్రహణం పట్టింది. మా దిక్కు తలుపులు మూసుకొని జనం ఇండ్లల్ల కూసున్నరు. హైదరాబాద్ రోడ్లు గూడ బోసిపోయినయని తర్వాత పేపర్ల వచ్చింది. మా జీవాలను ఆనాడు మేపుటానికి తోలలె, దొడ్లనే మండలు కొట్టి ఏసినం. నాయిన, నేను పక్కన గుడిసెల ఉన్నం. మాపటీలి మూడున్నర దాటినంక ఎలుగు గుంజుకపోయినట్టయ్యింది. ఎండ ఉన్నది గని దాంట్ల పస లేదు. పిట్టలు చెట్లల్ల జేరినయి. జీవాలు ఒక్కకాడికి ఒత్తుకున్నయి, పిల్లలు తల్లుల కింద దూరినయి. నేను తడక సందులకెళ్ళి సూస్తున్న. బైరిగాడు గొంగడి మీదికెళ్ళి లేశిండు. ఒళ్ళు ఇదిలిచ్చుకున్నడు. తలుపుకాడ మొదలుపెట్టిండు.

వానికి గ్రహణం ఏం తెలుసు? చీకటి పడ్డది, చుట్టు తిరగాలె, అంతే. తాతైతే అదే చేసేది. నాయిన నా భుజం పట్టుకొని "సూడురా, మీ నాయిన నడుస్తున్నట్టే లేదా" అన్నడు. మీ తాత అనవోయి మీ నాయిన అన్నడు. గొంతు పూడుకపోయింది ఆయనకు. నాయిన ఏడ్వంగ నేను సూసింది అప్పుడే. తాత పోయిన్నాడు గూడ ఏడ్వలె, పనులు సూసుకుంట తిరిగిండు.

అట్ల వాడు మూడేండ్లకు పైనే ఉన్నడు తాత తర్వాత. ఆ మూడేండ్లు మా ఇంట్ల తాత లేడన్న లోటు పగలు తెలిసేది గని పొద్దుమీకితే తెలువకపోయేది. పొద్దుమీకినంక చేసేటియ్యన్ని వాడు చేస్తుండె గదా.

ఎన్టీ రామారావు ముఖ్యమంత్రి అయిన ఏడాది, 83ల, ఎండలు ముదిరినప్పుడు వానికి కాళ్ళు పడిపోవట్టినయి. పండ్లు ఊడినయి. అవ్వ జొన్నరొట్టె తుంచి గొర్రెపాలల్ల నానవెట్టి తినిపిచ్చేది. గొర్రెపాలతోటి పెరిగినోడు, మళ్ళ గొర్రెపాలకే వచ్చిండు. పొద్దంత ఇంట్ల ఉన్నా, మాపటికి కూలవడి కూలవడి వాకిలి దాటేటోడు. దొడ్డి కాడికి పోవాలె వానికి. ఇగ నాయిన వాన్ని ఈనిన పిల్లను ఎత్తుకున్నట్టు మెడ మీద ఏసుకొని, నాలుగు కాళ్ళు ముంగట పట్టుకొని మోసుకపోయేది. తొవ్వల ఎదురైనోళ్ళు నిలవడి సూసేటోళ్ళు. ఒక్కలు నవ్వలె.

దొడ్డి కాడ దించితే సగం చుట్టు తిరిగి కూసునేటోడు. అలుపు తీరినంక మిగిలిన సగం. ఒకనాడు సగం తిరిగి కూసున్నోడు మళ్ళ లేవలె.

నాయిన ఇంటికి మోసుకొచ్చిండు. అవ్వ వాకిట్ల కూసోని వాని తల ఒళ్ళె పెట్టుకున్నది. ఆ సగం చెవును ఏళ్ళతోటి నిమురుకుంట, "ఇయ్యాల పోయిండ్రా మీ తాత" అని రాగం తీసి ఏడ్చింది. తాత పోయిన్నాడు అవ్వ అంత గట్టిగ ఏడ్వలె. మాకందరికి గట్లనే అనిపిచ్చింది. ఇల్లంత అప్పుడు ఖాళీ అయింది.

తాత బొందకు కనవడేటట్టు, మన చెలక గెట్టుకు గుంత తవ్వినం. అవ్వ గొంగడి తెచ్చింది. మా కులపెద్దమనిషి ఒకాయన వచ్చి అడ్డం చెప్పిండు. "వదినే, గొంగడి దేవుని ముంగట పరిచేది. కుక్కకు కప్పుతరా?" అన్నడు. ఆయన చెడ్డోడు గాదు, ఆచారం తప్పుతదని ఆయన బాధ.

అవ్వ గుంత కాడికెళ్ళి లేవకుంటనే చెప్పింది. "మల్లన్న ముంగట పరిచే గొంగడి బొచ్చు ఏ జీవాలది మరిది? ఆ జీవాలు ఎవరు కావలి ఉంటే బతికినయి?"

ఆయన జరసేపు నిలవడ్డడు. రుమాలు తీసి చంకల పెట్టుకొని, ఒంగి గొంగడి రెండో కొన పట్టుకున్నడు. ఆయన, నాయిన కలిసి దించిండ్రు. ఇంట్లకెళ్ళి బండారి తెచ్చి అవ్వ వాని నొసటికి పెట్టింది, జాతరకు తోల్కపోయినప్పుడు తాత పెట్టినట్టు.

ఆ మాపటికి మంద కాడికి నాయిన, నేను పోయినం. దొడ్డి తలుపుకాడ గొంగడి పరిచిన జాగ ఉత్తగున్నది, అంత మేర గడ్డి మొలువక నున్నగుండె. తడకలు పాతినం, జీవాలను తోలినం. సద్దిమూట ఇప్పుతున్న నేను. నాయిన కూసోలె. తలుపుకాడ నిలవడి, దోటి పక్కన పెట్టి, మొదటి తడక మీద చెయ్యేసి ఊపిండు. కుడిదిక్కుకెళ్ళి నడిచిండు. తాత ఉన్నప్పుడు నాయిన ఎన్నడు ఆ చుట్టు తిరగలె, అవసరం రాలె. తాత పోయినంక బైరిగాడు తిరిగిండు గనుక అప్పుడూ తిరగలె.

"నాయినా, ఇయ్యాల గట్టిగనే పాతినం గదా, బువ్వ తిందం రా" అన్న.

ఆయన రెండో తడక మీద చెయ్యేసుకుంట, "బైరిగాడు లేడు గదరా, ఎవలో ఒకలు తిరగాలె" అన్నడు.